మంచు పోయి ఆకు రాకముందు

మాకు దొరికే కాలం చాలా తక్కువ. మంచు పోవాలి, ఆకు రాకూడదు. మంచు ఉంటే లేజర్ వెలుగు దాని మీదే తగిలి వెనక్కి వస్తుంది, నేల ఎంత లోతున ఉందో తెలియదు. ఆకు వచ్చిందా, ఆకు దగ్గరే ఆగిపోతుంది. ఆ రెంటి మధ్యా ఉత్తరాన కైనూ జిల్లా అడవుల్లో మూడు వారాలు దొరికితే అదృష్టం. బర్చ్ చెట్ల మీద ఆకు ఎలుక చెవంత అయిందంటే సామాను సర్దుకోవాల్సిందే.

ఆ ఏడు ఆ మూడు వారాలూ సైమి అత్త ఇంట్లో ఉన్నాను. అత్త మా నాన్నకి అక్క. విమానాశ్రయానికి ఆవిడ ఇల్లు దగ్గర. హోటల్లో గది తీసుకున్నానని ఫోన్లో చెబితే, సొంత అత్త ఉండగా అద్దె మంచం మీద పడుకుంటావా అని అడిగి పెట్టేసింది. దాంతో నా గది రద్దయింది.

ఆవిడ ముప్పై ఏళ్ళకి పైగా లైబ్రరీ బస్సు నడిపింది. జిల్లాలో ఆవిడ చక్రం తిరగని దారి లేదు. కానీ ఇంటి వెనకున్న హొంకవారా కొండ ఒక్కసారి కూడా ఎక్కలేదు. బెర్రీలకి కూడా రోడ్డు దాటి అవతలి అడవికి పోయేది. ఎందుకని మేమెవ్వరం అడగలేదు. మా ఇంట్లో అడగకపోవడమే మర్యాద.

నా పని ఇది. విమానం తౌనో నడుపుతాడు. వెనక నేను, నా పక్కన లైడార్ పరికరం. విమానం పొట్టలో ఒక రంధ్రం, దాని మీద అటూ ఇటూ ఊగే అద్దం. ఆ అద్దం మీంచి కంటికి కనబడని వెలుగు క్షణానికి లక్ష తునకలుగా కిందికి పోతుంది. ప్రతి తునకా దేన్నో ఒకదాన్ని తాకి తిరిగి వస్తుంది. వచ్చిన ఆలస్యాన్ని బట్టి అది ఎంత దూరం పోయిందో తెలుస్తుంది. మొదట స్ప్రూస్ చెట్టు కొన, తర్వాత కొమ్మ, ఆ తర్వాత పొద. వందలో తొంభై అక్కడే చిక్కుకుంటాయి. మిగిలిన పదీ కొమ్మల సందుల్లోంచి జారి, నేలని ముట్టుకుని వస్తాయి. ఆ పదే చాలు. ఆ పదింటినీ కలిపితే అడవి కింద అడవికి తెలియని నేల బయటపడుతుంది. ఎన్నేళ్ళు చేసినా ఇది నాకు మామూలు పని కాలేదు. మనుషుల్ని అడగలేనిది నేలని అడుగుతున్నట్టుండేది. నేల దాచుకునేది కాదు.

తౌనో పోయిన దారికి పక్కనే తిరిగొచ్చి, మళ్ళీ దాని పక్కన పోయేవాడు. పట్టీ పక్కన పట్టీ. రైతు కొడుకు. "మా నాన్న గుర్రంతో దున్నాడు, నేను పెట్రోలుతో దున్నుతున్నా. మొలిచిందేంటో మాత్రం నీ పెట్టెకే తెలుసు" అనేవాడు.

సాయంత్రాలు అత్త వంటింటి బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి, ఆ రోజు పట్టీలు తెరిచి, ఖాళీలున్నాయేమో చూసుకునేదాన్ని. ఆ కాలంలో పొద్దు పోదు, దీపం అక్కర్లేదు. ఒక మీట నొక్కితే చెట్లన్నీ పోయేవి. ఇళ్ళు పోయేవి. చెరువులు నల్లగా మిగిలేవి, నీళ్ళు మా వెలుగుని మింగేస్తాయి కాబట్టి. ఉత్త నేల బూడిదరంగులో, పక్కనుంచి ఎండ పడినట్టు నీడలతో కనిపించేది.

అత్త మొదటిసారి చూసినప్పుడు కళ్ళజోడు పైకి తోసి, కుడికంటిని తెరకి బాగా దగ్గర పెట్టింది. ఎడమకన్ను అప్పటికే పోయింది. రెండోది కూడా ఎంతోకాలం ఉండదని డాక్టరు చెప్పాడు.

"ఊరు ఊరంతా బట్టలిప్పుకుని నిలబడినట్టుంది" అంది.

ఎక్కడో పాత కాలవ గట్టు మీద వేలు పెట్టి, ఇది నాకు తెలుసు, పూడ్చేశారు అంది. ఇంకెక్కడో అడవిలో కలిసిపోయిన బండిదారి గుర్తుపట్టింది. నేను పొంగిపోయాను. మా పరికరాన్ని మెచ్చుకునేవాళ్ళు దొరకడం అరుదు.

ఆవిడ అడగాలనుకున్నది అది కాదని నాకు మర్నాడు గాని తెలియలేదు.

"మనిషిని పెట్టిన గొయ్యి కనబడుతుందా ఇందులో?" అని అడిగింది, బార్లీ రొట్టె పిండి అద్దుతూ, నావైపు చూడకుండా.

ఎవరి గొయ్యి అని అడిగాను. వాళ్ళ నాన్నది అంది. నాకు తాతయ్య, ఈవరి. యుద్ధంలో కనబడకుండా పోయినవాళ్ళలో ఒకడని మాకు చెప్పిన మనిషి. అత్త ఆ రోజు చెప్పింది మొత్తం నాకు కొత్త. మా నాన్నకి కూడా చెప్పలేదట. అప్పుడు ఆయన ఉయ్యాల్లో ఉన్నాడు.

1944 ఎండాకాలంలో తాతయ్య సెలవు మీద ఇంటికొచ్చాడు. సెలవైపోయినా వెనక్కి పోలేదు. ఒకరోజు పొద్దున లేచేసరికి ఇంట్లో లేడు. ఆ రోజు నుంచి మా నానమ్మ హెల్మి ప్రతి సాయంత్రం పాలక్యాను చేతపట్టుకుని కొండెక్కేది. ఆరేళ్ళ అత్త ఒకసారి పొయ్యి వెనక నక్కి ఉండగా, నానమ్మ తన అత్తగారితో గుసగుసగా అంటుంటే విన్నది. "గోతిలో ఉన్నాడు" అని. అంటే నాన్న చచ్చిపోయాడని పిల్లకి అర్థమైంది. సైన్యం నుంచి పారిపోయి వచ్చినవాడు కనక చర్చి దగ్గర పెట్టనివ్వరని, అందుకే కొండ మీద పెట్టారని తర్వాత్తర్వాత తనకు తానే అల్లుకుంది. చచ్చిపోయినవాళ్ళకి కూడా తిండి పట్టుకుపోతారని అనుకుంది.

కొన్నాళ్ళకి యూనిఫారాల్లో ఇద్దరు మనుషులు వచ్చారు. వాకిట్లో ఆడుకుంటున్న పిల్లని మీ నాన్నేడీ అని అడిగారు.

"నేను చెప్పాను. నాన్న గోతిలో ఉన్నాడు అని" అంది అత్త. "ఒకాయన టోపీ తీశాడు. రెండో ఆయన నా తల మీద చెయ్యేశాడు. వెళ్ళిపోయారు. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్ళు మలుపు తిరిగాక లోపలికెళ్ళి, పంచదార గడ్డ తెచ్చి నా నోట్లో పెట్టింది. అప్పట్లో పంచదారెక్కడిది? పండక్కి కూడా లేదు. తండ్రి పోయిన పిల్లనని పెట్టిందనుకున్నా."

శరదృతువులో యుద్ధం ఆగింది. అడవుల్లో దాక్కున్నవాళ్ళని క్షమించారు. ఒక్కొక్కరే గడ్డాలతో బయటికొచ్చారు. తాతయ్య రాలేదు. ఎందుకు వస్తాడు, గోతిలో ఉన్నాడుగా. నానమ్మ మరి ఆ మాటే ఎత్తలేదు. చనిపోయేదాకా ఎత్తలేదు.

చర్చి దగ్గర నానమ్మ పక్కన ఒక మనిషికి చోటుంది. అత్త దాన్ని అట్టేపెట్టింది తన కోసం కాదు. నాన్నని తెచ్చి అక్కడ పెట్టాలి. ఆ కుడికన్ను ఉండగా పెట్టాలి. ఆ ఒక్కదాని కోసమే నన్ను హోటల్ మాన్పించి ఇంటికి పిలిచిందని అప్పుడు తెలిసింది. నాకేమీ కష్టమనిపించలేదు. అంతవరకూ నన్ను ఎవరూ ఇంత పనికొచ్చేదానిగా చూడలేదు.

మా చుక్కలు అంత దగ్గరగా పడవని, మనిషంత గొయ్యి వాటి సందుల్లోంచి జారిపోవచ్చని చెప్పాను. "చూడు ముందు" అంది.

ఆ వారాంతంలో ఊరి మీద ఎగిరాం. ఇంటి మీద పోయే పట్టీలో మేఘం అడ్డొచ్చి ఖాళీ పడింది. కొండ మాత్రం బాగా వచ్చింది. ఇంటికొచ్చేసరికి అత్త సరస్సు నుంచి మూయ్‌కు అనే చిన్న చేపలు తెచ్చి, బల్ల రెండో చివర కూర్చుని శుభ్రం చేస్తోంది. ఆకాశంలో తిరిగే ఆడదానికి గుమ్మంలో బూట్లు విప్పడం రాదా అంది. విప్పి, కొండ తెరిచాను.

చెట్లు తీసేశాను. వాలు వెంబడి ప్రతి అడుగూ చూశాను. నీడని తూర్పునుంచి వేశాను, పడమటినుంచి వేశాను. రాళ్ళకుప్పలు, ఒక పాత కంచె గట్టు. సగం పైకి పోయాక, చెంచాతో తీసినట్టు గుండ్రటి పళ్ళెం, చుట్టూ ఎత్తైన అంచు, పల్లపు వైపు ఒక తూము. అలాంటివి కైనూ అంతటా వందలున్నాయి. నేను నిద్రలో కూడా గుర్తుపడతాను. దాన్ని దాటి శిఖరం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చాను.

"ఏమీ లేదత్తా. ఒక తారుగొయ్యి ఉంది, అంతే."

కత్తి ఆగింది.

"ఏ గొయ్యి?"

"తారుగొయ్యి. పూర్వం పైన్ మొద్దులు పేర్చి, మట్టి కప్పి, తారు దింపేవాళ్ళు చూడు..."

అంటూండగానే నేనన్న మాట నాకు వినిపించింది. మా భాషలో రెంటికీ ఒకటే మాట. మనిషిని పూడ్చేదీ గొయ్యే, తారు కాచేదీ గొయ్యే. పుస్తకాల్లో రాసేటప్పుడే తారు అని చేరుస్తాం. తారు కాచిన ఊళ్ళలో ఆ కష్టం ఎవరూ పడేవాళ్ళు కాదు. చెరువుని చెరువన్నట్టు, గోతిని గొయ్యి అనేవాళ్ళు. నానమ్మ అత్తగారితో అన్నది చావు కబురు కాదు. మొగుడు ఎక్కడ దాక్కున్నాడో చెప్పింది. పిల్ల ఆ వచ్చినవాళ్ళకి నిజమే చెప్పింది. వాళ్ళు టోపీ తీశారు.

అత్త లేచి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది.

"ఆ పంచదార" అంది.

చేపలు నేనే వేయించాను.

తర్వాత కొన్నాళ్ళు మబ్బులు విడలేదు. ఎగరడం లేదు. తౌనో విమానాశ్రయంలో పేకాడుతూ, నీ పెట్టె పస్తులుంటోందా అని మెసేజీలు పెట్టేవాడు. ఇంట్లో అత్త అన్నిటికీ విసుక్కునేది. కాఫీ పలచనైందని, తలుపు గట్టిగా వేశానని. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నాకు తెలిసి దుఃఖం అలా ఉండదు. ఇది కోపం. చిన్నపిల్లల కోపం. డెబ్బై దాటిన ముఖంలో అది దారి తెలియక తిరుగుతోంది. చచ్చిపోయిన తండ్రి ఎక్కడికీ పోడు, కొండ మీదే ఉంటాడు. బతికున్నవాడే పోగలడు. నేను ఒక మీట నొక్కి ఆవిడ తండ్రిని బతికించాను. మరుక్షణంలో ఆయన ఆవిణ్ణి వదిలేసి వెళ్ళిపోయాడు. సరస్సు దాటాడో, సరిహద్దు దాటాడో, దారిలో పోయాడో, ఏ కిరణమూ చెప్పదు.

ఒక్కసారి మాత్రం, పాత్రలు తుడుస్తూ, "ఇన్నేళ్ళూ ఆయన మీద నాకు కోపం రాలేదే కైసూ" అంది. చెయ్యడం మర్చిపోయిన పనేదో చెబుతున్నట్టు అంది.

మర్నాడు బూట్లు వేసుకుని, కర్ర తీసుకుని, వాకిట్లో నిలబడింది. పద అంది.

కొండ మరీ ఎత్తేమీ కాదు. నేను ముందు, దారి చూస్తూ. ఆవిడ నా వెనక, నా కోటు బెల్టు పట్టుకుని. గొయ్యి దగ్గరికి వచ్చేదాకా అది గొయ్యని తెలియదు. నాచు, బిల్బెర్రీ పొదలు, నట్టనడుమ లావైన పైన్ చెట్టు. పైనుంచి అంత స్పష్టంగా ఉన్నది, కాళ్ళ కింద ఉత్త అడవి. నడుమెత్తు అంచు ఎక్కి, చెయ్యందించి, ఆవిణ్ణి లాగాను.

లోపలికి దిగుతావా అని అడిగాను. దిగనంది. వంగి, నాచు పెకలించి, కింద మట్టిలో వేళ్ళు పెట్టింది. వేళ్ళు నల్లగా వచ్చాయి. బొగ్గు. వాసన చూసుకుంది. నాకు చూపించలేదు.

తర్వాత ఇల్లు ఉండాల్సిన వైపు తిరిగి నిలబడింది. అటు స్ప్రూస్ చెట్లు తప్ప ఏమీ లేవు. గోడలా ఉన్నాయి.

"ఇవేవీ అప్పుడు లేవు. ఇదంతా మేత బీడు. గొర్రెలు తిరిగేవి." కర్రతో గాల్లో వాలు గీసింది. "ఇక్కణ్ణుంచి మా వాకిలి కనబడేదా?"

నాకు తెలియదన్నాను. కనుక్కోవచ్చన్నాను.

అది అడిగాక ఆవిడకి ఎముకలతో పని లేకపోయింది. కొండ దిగేటప్పుడే నాకు తెలిసింది. నా కోటు బెల్టు పట్టుకోకుండా దిగింది.

ఆ సాయంత్రం నేను చేసిన పని మా వృత్తిలో చాలా చిన్నది. చెట్లు లేని నేల నా దగ్గరుంది. డెబ్బై ఏళ్ళ కిందటి బీడు అదే. ఇంటి ముందు ఖాళీ పడ్డ చోట పక్క పట్టీ అంచు కొంత ఆదుకుంది. ఒకచోట కన్ను పెట్టి, అక్కణ్ణుంచి ఏవి కనిపిస్తాయో వెలిగించమంటే కంప్యూటరు వెలిగిస్తుంది. కనబడనివి చీకట్లో ఉంచుతుంది. అయినా ఆ రోజు ఒక్కో అంకె రెండేసిసార్లు సరిచూసుకున్నాను. అబద్ధం చెప్పాల్సి వస్తుందేమోనని మనసులో ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను.

మొదట కన్ను గోతి అడుగున పెట్టాను. ఏమీ వెలగలేదు. అక్కణ్ణుంచి ఆకాశం తప్ప ఏమీ కనబడదు. అంచు మీద కూర్చున్న మనిషి కన్ను పెట్టాను. ఇంటి కప్పు ఎత్తు మాత్రం వెలిగింది. అత్త నా భుజం వెనకే ఉంది. ఊపిరి నా చెవికి తగులుతోంది.

"తాతయ్య పొడుగా?"

"స్నానాలగది గుమ్మంలో తల వంచేవాడు."

ఆ ఎత్తున కన్ను పెట్టాను. వాకిలి వెలిగింది. మొత్తం కాదు, సగం. కొట్టాం వైపు చీకటి. బావి దగ్గర చదునురాయి దాకా వెలుగు.

"అక్కడే. ఆ రాతి మీద" అంది అత్త. పైన్ కాయలకి పుల్లలు గుచ్చి ఆవుల్ని చేసేదట. ఆ మనుషులొచ్చినప్పుడు మందని రాతి మీద నిలబెడుతోందట.

నేను చెప్పాల్సింది చెప్పాను. "నిలబడితే కనబడుతుందత్తా. కూర్చుంటే కనబడదు. నిలబడితే మరి వాకిట్లోవాళ్ళకి కూడా ఆయన కనబడతాడు. ఏ వెధవ తలెత్తి చూసినా అయిపోయినట్టే."

అత్త తెర మీది వెలుగుని చాలాసేపు చూసింది. కళ్ళజోడు తీసి, పమిటలా వేసుకున్న అల్లిక శాలువతో తుడుచుకుంది.

"నిలబడే ఉంటాడు" అంది.

కనబడుతుంది అన్నది నేల మాట. చూశాడు అన్నది అత్త మాట. ఆ రెంటి మధ్య దూరం కొలిచేది మా దగ్గర లేదు. నేను ఆ సంగతి ఎత్తలేదు, నా అబద్ధం నాలోనే ఉండిపోయింది. ఆవిడ లేచి కాఫీ పెట్టింది. బల్ల మీద రెండు కప్పులు పెట్టి, ఎదురుగా కూర్చుని, ఆ రెండో మనిషి గడ్డం ఎర్రగా ఉండేదని, బూట్లకి పేడ అంటిందని, ఏవేవో చెప్పింది. అంతకుముందు ఎప్పుడూ గుర్తురానివట. తెలియకుండా ఒక మనిషిని కాపాడిన ఆరేళ్ళ పిల్లని ఆవిడ మొదటిసారి కలుసుకుంటోంది. నాకు నానమ్మ గుర్తొచ్చింది. ఆ గుమ్మంలో నిలబడి, పిల్ల నోట్లోంచి ఆ మాట వింటూ, ముఖం కదలనివ్వని నానమ్మ. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కదలనివ్వలేదు. అంతటి మనిషిని మేం మాటలు రాని ముసలమ్మ అనుకున్నాం.

మబ్బులు విడిపోయేసరికి బర్చ్ చెట్లకి పచ్చటి పొగ పట్టింది. ఇంకొక్కరోజు. మిగిలిపోయిన ఖాళీలు నింపుకుని పోవాలి. పొద్దున కాఫీ దగ్గర ఆ మాట చెప్పాను.

"మా ఇంటి మీంచేనా?" అంది అత్త.

"అవును. పన్నెండింటికి అటూ ఇటూగా."

"మేం కనబడతామా మీకు?"

అంత ఎత్తునుంచి ఆవు కూడా కనబడదన్నాను. సరే అంది. రొట్టె చుట్టి ఇచ్చింది, తౌనోకి కూడా. పైకి వెళ్ళాక తౌనో దాన్ని తింటూ, ఆకు వచ్చేసింది, ఇక మీ పెట్టెకి గడ్డే మేత అన్నాడు. ఇంటి మీంచి పోయినప్పుడు నేను కిందికి చూడలేదు. తెర మీద అంకెలు చూసుకోవాలి.

ఆ పట్టీని జూన్ చివర్లో ఆఫీసులో తెరిచాను. చుక్కల్ని వేరు చేయడం నా మిగతా ఏడాది పని. నేల, చెట్టు, ఇల్లు, నీళ్ళు. యంత్రం చాలావరకు తనే చేస్తుంది, తేల్చుకోలేనివి మాకు వదులుతుంది. అత్త వాకిట్లో ఒకటి వదిలింది. బావి దగ్గర చదునురాతి మీద, గాల్లో, ఒకే ఒక్క చుక్క. అక్కడ చెట్టు లేదు, స్తంభం లేదు. ఎత్తు చూశాను. అత్త భుజమంత.

నేల పటంలో అలాంటిది ఉండకూడదు. పక్షో, పొరపాటో అని పక్కన పెట్టాలి. పెట్టాను. మా పద్ధతిలో ఏ చుక్కనీ చెరపరు, నేల కాదని రాసి ఉంచుతారు. పటం అడిగినవాళ్ళకి నున్నటి వాకిలి కనిపిస్తుంది. మొత్తం చుక్కలు అడిగినవాళ్ళకి అది కూడా వస్తుంది.

కూర్చుని ఉంటే రాతిలో కలిసిపోయేది.